ఏట్లో రాళ్లు లెక్కపెట్టే ముందు మన చేతిని లెక్కపెట్టుకుందాం



కుశస్థలి ఏటి విషయంగా కలెక్టరు గారికి అర్జీ ఇవ్వాలని మన సంఘంలో తీర్మానం అయింది. మంచి పని. నేనూ చెయ్యెత్తినవాణ్ణే. అర్జీలో "పూండి ఆనకట్టకు దిగువన ఇసుక పోయి గులకరాళ్లు తేలుతున్నాయి, ఏటి అడుగు మారిపోతోంది" అని రాసి, దానికి ఆధారంగా మన పిల్లలు కొలిచిన రాళ్ల సైజు పెట్టాలంటున్నారు. నా అభ్యంతరం ఆ ఒక్క చోటే. ఒకే మలుపులో రెండు జట్లు కొలిచాయి. ఒకరి అంకెకూ ఇంకొకరి అంకెకూ పొంతన లేదు. ఎవరిది సరి, ఎవరిది తప్పు అని గ్రూపులో మూడు రోజులుగా వాదన నడుస్తా ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. రెండు జట్లూ నిజాయితీగానే కొలిచాయి. అయినా రెండు అంకెల్లో ఏదీ ఇప్పుడున్న రూపంలో అర్జీలోకి పోకూడదు. ఎందుకో ఓపికగా చదవండి. పోస్టు పొడుగే, కానీ విషయం మన బావుల నీళ్లది.

నేను సైంటిస్టును కాను. తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు ఇంట్లో దిద్దుకున్నవాణ్ణి. బళ్లో "కూళాంగల్" అని నేర్చుకున్న దాన్నే ఇంట్లో "గులకరాయి" అన్నాను. ఉద్యోగమంతా రైల్వేలో, ఇంజనీరింగ్ వాళ్ల ఆఫీసులో గుమాస్తాగా చేశాను. పట్టాల కింద పోసే కంకర, మన పక్క జల్లి అంటారే, దాని రిజిస్టర్లు చూశాను. రాయి సైజు కొలవడంలో ఎన్ని దారుల్లో లెక్క తప్పుతుందో ఆ రిజిస్టర్ల దగ్గర తెలిసినంత బళ్లో తెలియలేదు.

రైల్వేలో కంకరకు నిబంధన ఉంది. 65 మిల్లీమీటర్ల జల్లెడ మీద నూటికి 5 పాళ్ల కంటే ఎక్కువ నిలవకూడదు. 40 మి.మీ. జల్లెడ మీద 40 నుంచి 60 పాళ్లు నిలవాలి. మిషన్‌లో కొట్టిన కంకరైతే 20 మి.మీ. జల్లెడ మీద 98 పాళ్లకు తగ్గకూడదు. అంతటితో అయిపోలేదు. శాంపిల్ ఎట్లా తియ్యాలో కూడా రాశారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉండే చెక్కపెట్టె, అంటే 0.3 మీటరు చొప్పున మూడు వైపులా, దాంతో కుప్పలో వేర్వేరు చోట్ల నుంచి తియ్యాలి. జల్లెడ మీద రాయిని చేత్తో తిప్పి చూడొచ్చు, కానీ కన్నంలోకి తొయ్యకూడదు. ఈ చివరి మాట చూడండి. మనిషి చెయ్యి తనకు కావలసిన జవాబు వైపు రాయిని తోస్తుందని నిబంధన రాసినవాళ్లకు ముందే తెలుసు. కుప్పగా పోసిన కంకరకే ఇంత జాగ్రత్త పడితే, వరద తనకు తోచినట్టు పరిచిన ఏటి అడుగుకు ఎంత పడాలి?

మొదట పేరు సంగతి. ఏది ఇసుక, ఏది గులక? ప్రశ్న చిన్నపిల్లలది లాగా ఉంది. కానీ మన ఇంజనీర్ల భారత ప్రమాణం ప్రకారం 4.75 మి.మీ. దాటితేనే గులక, 80 దాటితే పెద్ద గుండు, 300 దాటితే బండ. భూగర్భ శాస్త్రం చదివినవాళ్ల లెక్కలో 2 మి.మీ. దగ్గరే ఇసుక అయిపోతుంది, 64 దగ్గర గులక అయిపోతుంది, 256 దాటితే బండ. అంటే 3 మి.మీ. పలుకు ఒకరికి ఇసుక, ఇంకొకరికి గులక. ఒకే గంపెడు మట్టి చూసి ఒకాయన "ఇందులో ఇసుక ఎక్కువ" అంటాడు, ఇంకొకాయన "గులక ఎక్కువ" అంటాడు. ఇద్దరి దగ్గరా పుస్తకం ఉంది. మన రాష్ట్రంలో సవుడు పేరుతో ఇసుక తవ్వుతున్నారన్న గొడవ హైకోర్టు మదురై బెంచి దాకా పోయిన సంగతి మీకు తెలుసు. పేరును బట్టి పర్మిట్, సైజును బట్టి పేరు, శాంపిల్ తీసిన తీరును బట్టి సైజు. అందుకే శాంపిల్ తియ్యడం గుమాస్తా పని అని తీసిపారెయ్యొద్దు. మొత్తం వ్యవహారం దాని మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు మన రెండు జట్ల తేడాకు వద్దాం. వాళ్లు వాడింది పాత పద్ధతే. 1954లో వోల్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పింది. ఏట్లో అడుగులో అడుగు వేసుకుంటా పోవాలి. ఆగిన చోట కిందికి చూడకుండా బొటనవేలి కొసన చూపుడు వేలు దించాలి. మొదట తగిలిన రాయిని తియ్యాలి. దాని నడిమి వెడల్పు కొలవాలి. అట్లా 100 రాళ్లు. చౌకైన పద్ధతి, ప్రపంచమంతా వాడుతున్నారు. కానీ ఒకే చోట వేర్వేరు మనుషులు కొలిస్తే వేర్వేరు అంకెలు వస్తాయని తరువాతి వాళ్లు మళ్లీ మళ్లీ చూశారు. కారణాలు నాలుగైదు ఉన్నాయి. ఒక్కొక్కటిగా చెప్తా.

మొదటిది, ఇసుకను ఏం చేశారు? వేలు రాళ్ల సందులో ఇసుక మీద పడితే ఒక జట్టు "ఇసుక" అని రాసుకుంది. ఇంకో జట్టు "ఇది రాయి కాదు కదా" అని పక్క రాయి తీసింది. తేడా ఎంత వస్తుందో ఉదాహరణ వేస్తా, అంకెలు అర్థం కావడానికి నేను పెట్టినవి. 100 చోట్ల వేలు పెడితే 30 చోట్ల ఇసుక, 70 చోట్ల రాయి తగిలిందనుకోండి. అన్నీ చిన్న నుంచి పెద్దకు వరుసగా పేరిస్తే మొదటి జట్టుకు నడిమిది 50వది. రెండో జట్టు ఇసుకను వదిలేసింది కాబట్టి దానికి 70 రాళ్లలో నడిమిది, అంటే 35వ రాయి. అది మొదటి వరుసలో 65వది! ఒకే ఏరు, ఒకే రోజు, ఒకరు 50వ మెట్టు మీద, ఇంకొకరు 65వ మెట్టు మీద నిలబడి "నాదే నడిమి" అంటున్నారు. ఇందులో మోసం లేదు. ముందు మాట్లాడుకోకపోవడమే ఉంది.

రెండోది, చెయ్యి. వేలికి ఒకేసారి రెండు రాళ్లు తగిలితే చెయ్యి పట్టుకు వచ్చేదాన్నే తీస్తుంది. చిన్న పలుకు వేళ్ల సందున జారిపోతుంది. సగం పూడుకున్న పెద్ద గుండు పెకలదు, "వద్దులే" అనిపిస్తుంది. అట్లా రెండు కొసలూ తగ్గిపోయి, నడిమి సైజు రాళ్లే చేతికి ఎక్కువ వస్తాయి. చూడకుండా తియ్యమన్నా కన్ను దొంగచాటుగా చూస్తుంది.

దీనికి మన ఊరి దగ్గరే పెద్ద సాక్ష్యం ఉంది. పూండికి పక్కనే అత్తిరాంపాక్కం. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పల్లావరంలో చేతిగొడ్డలి చూసి, అదే ఏడాది అత్తిరాంపాక్కం వచ్చాడు. ఆదిమానవుల రాతి పనిముట్ల చరిత్ర ఈ దేశంలో అక్కణ్ణుంచి మొదలైంది. ఇప్పటి పరిశోధకులు శాంతి పప్పు గారి బృందం 1999 నుంచి అక్కడ తవ్వి, అడుగు పొరల వయసు సుమారు 15 లక్షల సంవత్సరాలని 2011లో ప్రకటించింది. ఇక్కడ మనకు కావలసింది ఒకటే. నేల మీద పైపైన నడిచి ఏరుకుంటే అందమైన చేతిగొడ్డళ్లే చేతికి వస్తాయి, వాటిని చెక్కినప్పుడు రాలిన పెళ్లలు నేల మీదే ఉండిపోతాయి. ఆ సేకరణ చూసినవాడు "వీళ్లు గొడ్డళ్లు తప్ప ఏమీ చెయ్యలేదు" అనుకుంటాడు. అందుకే తవ్వేవాళ్లు గడులు గీసి, గడిలో దొరికిన ప్రతి పెళ్లనూ రాసుకుంటారు. పూండి మ్యూజియం చూసిన మన పిల్లలకు ఈ మాట సులభంగా అర్థమవుతుంది. ఏటి రాళ్లకూ అదే న్యాయం. గడి ఎంచుకోవాలి, చెయ్యి ఎంచుకోకూడదు.

మూడోది, కొలిచే తీరు. రాయికి పొడవు, వెడల్పు, మందం మూడూ ఉంటాయి. కొలవాల్సింది నడిమిది. స్కేలుతో కొలిస్తే ఒకటి వస్తుంది, చదరం కన్నాల జల్లెడలో వేస్తే ఇంకొకటి వస్తుంది. చదరం కన్నానికి మూల నుంచి మూలకు కొలిస్తే పక్క కంటే 1.41 రెట్లు ఉంటుంది. పలక లాంటి రాయి ఆ మూలన వాలి జారిపోతుంది. స్కేలు మీద 42 మి.మీ. వచ్చిన పలకరాయి 32 మి.మీ. కన్నంలో దూరిపోవచ్చు. ఒక జట్టు స్కేలు, ఇంకో జట్టు జల్లెడ వాడితే పోల్చడమే తప్పు.

స్కేలుకు ఇంకో జబ్బు ఉంది. రిజర్వేషన్ ఫారాలు చూసినవాళ్లను అడగండి, వయసు కాలంలో 30, 35, 40, 60 ఎన్ని ఉంటాయో, 37, 43 ఎన్ని ఉంటాయో. జనాభా లెక్కల్లో కూడా సున్నా, అయిదుతో ముగిసే వయసుల దగ్గర జనం గుంపుగా కనిపించడం అందరికీ తెలిసిన సంగతే. ఆ ఏళ్లలో ఎక్కువమంది పుట్టలేదు, చెప్పేవాళ్లు అట్లా చెప్పారు, అంతే. ఏట్లో ఎండలో నిలబడి స్కేలు చూసేవాడు కూడా 38ని 40 అంటాడు, 52ను 50 అంటాడు. మన జట్ల కాగితాలు తీసి చూడండి, సున్నా అయిదులు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.

నాలుగోది, ఎన్ని రాళ్లు? 100 కొలిస్తే సరిపోతుందని పిల్లలు అనుకున్నారు. 100 రాళ్లను వరుసగా పేరిస్తే, ఏటి అసలు నడిమి సైజు మన వరుసలో 40వ రాయికీ 60వ రాయికీ నడుమ ఎక్కడో ఉందని మాత్రమే నూటికి 95 పాళ్ల నమ్మకంతో చెప్పగలం. అంతకంటే దగ్గరగా చెప్పే హక్కు మనకు లేదు. 40వ రాయి 28 మి.మీ., 60వది 38 మి.మీ. అనుకోండి. అప్పుడు "33 మి.మీ." అని ఒక్క అంకె రాయడం, పక్క జట్టుకు 36 వచ్చిందని కొట్లాడడం రెండూ అనవసరం. ఆ తేడా ఏటిదో అదృష్టానిదో చెప్పలేం. ఈ వెడల్పు సగం కావాలంటే రాళ్లు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు చెయ్యాలి. 400 రాళ్లు కొలిస్తే 45వ పాలుకూ 55వ పాలుకూ నడుమ పడుతుంది.

అయితే ఒక హెచ్చరిక. ఎక్కువ రాళ్లు కొలిస్తే తగ్గేది అదృష్టం వల్ల వచ్చే తేడా మాత్రమే. చెయ్యి వల్ల, ఇసుకను వదిలెయ్యడం వల్ల, స్కేలు వల్ల వచ్చే తేడా పైసా కూడా తగ్గదు. తక్కువ తూగే రాయితో వెయ్యిసార్లు తూచినా సరుకు తక్కువే వస్తుంది. పైగా వెయ్యిసార్లు తూచామన్న ధైర్యం ఒకటి తోడవుతుంది. అది ఇంకా ప్రమాదం.

అయిదోది, సంచి శాంపిల్. లెక్కపెట్టడం ఎందుకు, ఒక సంచిలో ఎత్తుకొచ్చి ల్యాబులో జల్లిస్తే పోలేదా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. 64 మి.మీ. రాయి 8 మి.మీ. రాయి కంటే అడ్డం ఎనిమిది రెట్లే, బరువు 512 రెట్లు. 64 మి.మీ. గుండ్రటి రాయి ఒక్కటే సుమారు 360 గ్రాములు తూగుతుంది. అయిదు కిలోల సంచిలో అది పడితే నూటికి ఏడు పాళ్లు అదే. పడకపోతే ఏడు పాళ్లు మాయం. ఒక్క రాయి పడ్డదా లేదా అన్నదాని మీద ఫలితం ఊగుతుంది. అందుకని ఆ శాస్త్రం చదివినవాళ్లు ఒక కట్టు పెట్టుకున్నారు: సంచిలో అన్నిటికంటే పెద్ద రాయి మొత్తం బరువులో నూటికి ఒక పాలు దాటకూడదు. 64 మి.మీ. రాయి ఉన్న చోట అంటే 36 కిలోలు. 128 మి.మీ. గుండు ఉన్న చోట 290 కిలోలు, సుమారు ఆరు సిమెంటు మూటల బరువు! కాబట్టి ఎవరైనా చేతిసంచి మట్టి మీద రిపోర్టు చూపిస్తే, మనదైనా సరే, వాళ్లదైనా సరే, "అందులో పెద్ద రాయి ఎంత, సంచి బరువు ఎంత" అని అడగండి.

ఆరోది, పైపొరా, లోపొరా? ఆనకట్ట పైనుంచి వచ్చే ఇసుకను పట్టి నిలిపేస్తుంది. దిగువకు వచ్చే నీళ్లు ఆకలిగా వస్తాయి, దొరికిన సన్నదాన్ని ఎత్తుకుపోతాయి, కదల్చలేని పెద్ద రాళ్లను పైన వదిలేస్తాయి. కొన్నాళ్లకు ఏటి మీద రాళ్ల కవచం లాగా ఒక పొర ఏర్పడుతుంది. దాని కింద గడ్డపారతో తవ్వితే మళ్లీ ఇసుకే కనిపించవచ్చు. మనం పైన కొలిచి "అంతా రాళ్లే" అంటాం. క్వారీ కోరేవాడు కింద తీసి "అంతా ఇసుకే" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కానీ రెండు వేర్వేరు పొరల గురించి. ఏ పొరో రాయని అంకె చెల్లని టికెట్టు లాంటిది.

ఇంకో మాట. "రాళ్లు నున్నగా గుండ్రంగా ఉన్నాయి, కాబట్టి ఈ ఏరే ఎంతో దూరం నుంచి దొర్లించి తెచ్చింది" అని ముసాయిదాలో ఒక వాక్యం ఉంది. అది తీసెయ్యమని నా మనవి. మన అల్లికుళి గుట్టల్లో గుండ్రటి క్వార్ట్‌జైట్ రాళ్లు పాత కాలపు పొరల్లో అతుక్కుని ఉన్నాయి. సత్యవేడు పక్క కూడా ఈ తరహా రాళ్ల పొరలే. అవి ఏ కాలపు నీళ్లలోనో నున్నబడి, పొరల్లో చేరి, మళ్లీ విడిపోయి వాగుల్లో పడ్డ రాళ్లు. ఆ నునుపు ఈ ఏటి పని అనడానికి వీల్లేదు. భూగర్భ శాఖ మనిషి ఎవరైనా ఆ ఒక్క వాక్యం పట్టుకుంటే మిగతా పేజీ చదవడు.

ఇప్పుడు నాకు వచ్చిన ఎదురుమాటలకు జవాబు చెప్తా.

"ఇసుక పోయింది కళ్లకు కనిపిస్తా ఉంది, దీనికి ఇంత లెక్క ఎందుకు?" అన్నారు. నిజమే, నాకూ కనిపిస్తోంది. కానీ మనం అర్జీలో రాసేది "మారింది" అన్న మాట. మార్పు చెప్పాలంటే రెండు కాలాల కొలత కావాలి. మన దగ్గర ఉన్నది ఒక్క కాలానిదే. ఒక్కసారి కొలిచి మారిందని చెప్పడం, ఒకే నెల కరెంటు బిల్లు పట్టుకుని బిల్లు పెరిగింది అనడం లాంటిది. ఇసుక పోయిందనడానికి ఇంకా గట్టి సాక్ష్యాలు మన ఎదురుగానే ఉంటాయి. వంతెన స్తంభం పునాది ఎన్ని అంగుళాలు బయటపడింది? చెక్‌డ్యామ్ కింద ఎంత గుంత పడింది? ఏటి ఒడ్డు బావిలో మోటారు పైపు ఎన్ని అడుగులు దించారు? ఇవి టేపుతో కొలిస్తే అంగుళం అటూ ఇటూ తేడా రావచ్చు, అంతే. ఈసారి అర్జీకి అవి వెన్నెముకగా పెట్టండి. రాళ్ల కొలతను మొదటి ఏటి లెక్కగా రికార్డు చేసి దాచండి. మూడేళ్లు ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలిచాక అది మాట్లాడుతుంది.

"తేడా ఉందని మనమే ఒప్పుకుంటే అర్జీ బలహీనం కాదా?" అన్నారు. తెలుగు గంగ ఒప్పందం గుర్తు చేస్తా. 1976లో మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీ చొప్పున 15 టీఎంసీ కృష్ణా నీళ్లు మద్రాసుకు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో, దారిలో 3 టీఎంసీ పోతుందని ముందే రాసుకుని, సరిహద్దు దగ్గర 12 టీఎంసీ ఇవ్వాలని పెట్టుకున్నారు. నష్టాన్ని ముందే కాగితం మీద పెట్టడం వల్ల ఒప్పందం పలచబడలేదు. పోయే నీళ్ల గురించి మొదటి రోజే కొట్లాట రాకుండా చూసుకున్నారు. ఆ నీళ్లే 1996లో కండలేరు నుంచి మన పూండికి వచ్చాయి. కొలతలో తేడా ఎంతో మనమే రాస్తే, ఎదుటివాడు దాన్ని తవ్వి బయటపెట్టే అవకాశం ఉండదు.

"కొంచెం తేడా వస్తే ఏమవుతుంది?" అని ఇంకొకరు. అది దేనికి వాడతామో దాన్ని బట్టి ఉంటుంది. వరద వచ్చినప్పుడు ఏటి అడుగు గరుకుదనం నీటి మట్టాన్ని ఎంత పెంచుతుందో లెక్క వేసేటప్పుడు, రాయి సైజులో 40 పాళ్ల తప్పు ఉన్నా గరుకు అంకె 6 పాళ్లే మారుతుంది. అక్కడ పెద్దగా ఫరవా లేదు. కానీ "ఎంత ఉరవడి వస్తే ఈ అడుగు కదిలిపోతుంది, ఒడ్డు కోసుకుపోతుంది" అన్న లెక్కలో 40 పాళ్ల తప్పు దాదాపు 40 పాళ్ల తప్పుగానే నిలుస్తుంది. 2015లోనూ 2021లోనూ పూండి గేట్లు ఎత్తినప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లకు ఈ రెండో లెక్క ఎందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

"మనం ఇంత జాగ్రత్తగా కొలిస్తే మాత్రం, వాళ్లు కొలుస్తారా?" అన్నది అన్నిటికంటే న్యాయమైన ప్రశ్న. అందుకే నేను ఈ పోస్టు రాసింది. 2016 జనవరి 15 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ప్రకారం ఇసుక, చిన్నతరహా ఖనిజాలకు ప్రతి జిల్లాకూ సర్వే రిపోర్టు తయారు చెయ్యాలి. ముసాయిదాను కలెక్టరాఫీసులోనూ జిల్లా వెబ్‌సైటులోనూ 21 రోజులు జనం చూసేటట్టు పెట్టాలి. అభిప్రాయాలు తీసుకోవాలి. అయిదేళ్లకొకసారి కొత్తగా రాయాలి. ఆ 21 రోజులు మనవి. అప్పుడు మనం అడగాల్సింది "ఇసుక దొంగతనం" అన్న అరుపు ఒక్కటే అయితే ఫైలులో "చూశాం" అని రాసి మూసేస్తారు. "శాంపిల్ ఎన్ని చోట్ల తీశారు? ఎంత లోతు? పైపొర వేరుగా తీశారా? సంచి బరువు ఎంత? ఏ జల్లెడలు? ఇసుకకు గీత ఎక్కడ గీశారు?" అని ఆరు ప్రశ్నలు రాసిస్తే జవాబు రాయక తప్పదు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. అయితే ఆ ఆరు ప్రశ్నలు మన కాగితానికి కూడా వర్తిస్తాయి. మనం చెప్పలేని జవాబు వాళ్లను ఏ నోటితో అడుగుతాం?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఖర్చు తక్కువ, మనుషులు కావాలి.

1. ఈశాన్య రుతుపవనం అయ్యాక, ఏరు ఎండిన ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రమే దిగాలి. గేట్లు ఎత్తే కాలంలో ఎవరూ ఏట్లో అడుగు పెట్టకూడదు. పిల్లలతో పాటు ఒక పెద్ద తప్పనిసరి.

2. మూడు చోట్లు ఎంచుకోవాలి: ఒక మలుపు, ఒక తిన్నని చోటు, ఒక మేట. ఒడ్డున ఉన్న గట్టి గుర్తు నుంచి దూరం రాసుకోవాలి. ఏటేటా అవే చోట్లు.

3. ఏటికి అడ్డంగా టేపు కట్టి, టేపు మీద గుర్తు పడ్డ చోట ఉన్న రాయినే తియ్యాలి. గుర్తుల నడుమ దూరం అక్కడి అన్నిటికంటే పెద్ద రాయి కంటే తక్కువ ఉండకూడదు. లేకపోతే ఒకే గుండును రెండుసార్లు లెక్కపెడతాం.

4. స్కేలు వద్దు. అల్యూమినియం రేకులో 8, 11, 16, 22, 32, 45, 64, 90, 128 మి.మీ. చదరం కన్నాలు కోయించాలి. మన సభ్యుల్లోనే వెల్డింగు షాపు ఉన్నవాళ్లు ఉన్నారు. రాయి ఏ కన్నంలో దూరింది, ఏ కన్నంలో దూరలేదు, అంతే రాయాలి. తిప్పి చూడొచ్చు, తొయ్యకూడదు. 8 లోపలిదంతా "8 లోపు" అని ఒకే గడిలో రాయాలి, వదిలెయ్యకూడదు. పెకలని గుండును ఉన్నచోటే రేకు ఆనించి కొలవాలి.

5. చోటుకు 400 రాళ్లు. ఒకరు తియ్యాలి, ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి. ఆఖరి 100 రాళ్లను ఇంకో జట్టు అదే టేపు మీద మళ్లీ కొలవాలి. రెండు జట్ల తేడా ఎంతో అదీ కాగితం మీదికి ఎక్కాలి. దాన్ని దాచొద్దు.

6. చోటుకు ఒక గుంత తవ్వి, పైపొర వేరు, లోపొర వేరు చూసి ఫొటో తియ్యాలి.

7. అర్జీలో వాక్యం ఇట్లా ఉండాలి: ఫలానా తేదీన, ఫలానా గుర్తు దగ్గర, పైపొర మీద, 400 చోట్ల, చదరం కన్నాల రేకుతో కొలవగా నడిమి సైజు ఇంత నుంచి ఇంత మధ్య ఉంది, 8 మి.మీ. లోపుది నూటికి ఇంత. మళ్లీ కొలిచిన జట్టుకు ఇంత తేడా వచ్చింది. అంతే. దాని పక్కన విశేషణాలు వద్దు.

ఇప్పుడు కొలిచిన రెండు జట్ల పిల్లలకూ ఒక మాట. మీ కాగితాలు పారెయ్యకండి. రెండూ సంఘం ఫైలులో ఉండాలి. ఇసుకను ఎవరు లెక్కలోకి తీసుకున్నారో, ఎవరు వదిలేశారో, స్కేలా జల్లెడా, ఆ వివరం పక్కన రాసిపెట్టండి. అదే రాళ్లను రెండు జట్లు రెండు రకాలుగా చూస్తే ఎంత తేడా వస్తుందో చెప్పే కాగితాలు అవి. ఎవరు గెలిచారన్న వాదన ఇంతటితో ఆపండి.

వచ్చే సమావేశంలో ఈ ఏడు అంశాలనూ ఓటుకు పెట్టమని కార్యదర్శి గారికి నా మనవి. రేకు కోయించే ఖర్చు నాది. టేపు ఉన్నవాళ్లు, ఫిబ్రవరిలో రెండు ఆదివారాలు ఇవ్వగలిగినవాళ్లు పేరు చెప్పండి. ఒప్పుకోని వాళ్లు కూడా కారణంతో రాయండి, జవాబు చెప్తా.

ఇట్లు,
మీలో ఒక సభ్యుడు, రిటైర్డ్ రైల్వే గుమాస్తా, పూండి